ట్విస్టు ముందే తెలిసిపోని కొత్త థ్రిల్లర్ ఏదైనా ఉంటే చెప్పండి

అర్ధరాత్రి_దీపం
ఈమధ్య ఏ కొత్త థ్రిల్లర్ తెరిచినా ఒకటే వరస. మొదటి పేజీలో ఇటాలిక్స్‌లో పేరు చెప్పని గొంతు ఒకటి, తను చేసిన పని గురించి సగం సగం చెబుతుంది. ఆ తర్వాత ఒక పెద్ద ఇల్లు, మరీ మంచివాడిగా కనిపించే భర్త, మాత్రలు మింగి సగం విషయాలు మర్చిపోయే కథానాయిక. వందో పేజీ దాటేసరికి ఎవరు చేశారో తెలిసిపోతోంది. మిగతా రెండొందల పేజీలూ నన్ను దారి తప్పించడానికి రచయిత పడే పాట్లు చూడాలి. అట్ట మీదేమో "మీరు ఊహించలేని మలుపు" అని వేస్తారు. మలుపుందని చెప్పాక ఇక ఊహించకుండా ఎలా ఉంటాం?

2024, 2025ల్లో వచ్చినవాటిలో మిమ్మల్ని నిజంగా కూర్చోబెట్టి చదివించినవి చెప్పండి. ఇంగ్లిష్‌లో రాసినవైనా, ఇంగ్లిష్‌లోకి అనువాదమైనవైనా పర్లేదు. పాతవి వద్దు, అగాథా క్రిస్టీవి అన్నీ చదివేశాను. స్పాయిలర్ రాసి ముగింపు చెప్పేసినవాళ్లని మాత్రం క్షమించేది లేదు.

క్లూ_కుమారి
భర్తే. ఎప్పుడూ ఆ భర్తే.

సగం_చదివిన_సత్తిబాబు
భర్త కాకపోతే పక్కింటావిడ. ఆవిడా కాకపోతే ఎవరికీ తెలియని కవల చెల్లెలు.

మూడో_అల్మరా
ఉకేత్సు రాసిన "స్ట్రేంజ్ పిక్చర్స్" చదివారా? జపనీస్ నుంచి 2025 జనవరిలో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఇందులో బొమ్మలే క్లూలు. కథ మధ్యలో బొమ్మ వస్తుంది, మనం చూస్తాం, మామూలుగానే ఉంటుంది. కొన్ని పేజీల తర్వాత అదే బొమ్మని ఇంకోలా చూపిస్తాడు, అప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. ఒక బ్లాగులో గర్భవతి గీసిన బొమ్మలు, ఒక పిల్లవాడు గీసిన ఇల్లు, చనిపోయే ముందు ఒకాయన గీసిన కొండలు. వేటికవి విడి కథల్లా మొదలై తర్వాత ముడిపడతాయి. ఇలా ముడిపడతాయని చెప్పడం స్పాయిలర్ కాదు, అట్ట వెనకే ఉంది.

మీరు చెప్పిన పెద్ద ఇల్లు, మతిమరుపు కథానాయిక ఇందులో లేరు. చిన్న పుస్తకం, ఒక్క రాత్రి చాలు. రచయిత ఎవరో కూడా ఎవరికీ తెలీదు. తెల్ల మాస్క్, నల్ల బట్టలు వేసుకుని, గొంతు మార్చి యూట్యూబ్‌లో వీడియోలు పెట్టే మనిషి.

రాత్రిబండి
ఆయనదే "స్ట్రేంజ్ హౌసెస్" కూడా ఉంది, అదే ఏడాది జూన్‌లో వచ్చింది. ఒక ఇంటి ప్లాను చూస్తే గోడల మధ్య ఎందుకూ పనికిరాని ఖాళీ ఒకటి కనిపిస్తుంది. ఆ ఖాళీ ఎందుకు వదిలారన్నదే కథంతా. నాకు పిక్చర్స్ కంటే ఇదే ఎక్కువ భయం వేసింది. చదివాక మా ఇంటి గోడలు కూడా తట్టి చూశాను, నవ్వుకోండి.

ఒక హెచ్చరిక: ఫోన్‌లో చదవకండి. ప్లాను జూమ్ చేయడం, వెనక్కి వెళ్లడం, మళ్లీ ముందుకు రావడం... విసుగొచ్చేస్తుంది. కాగితం మీదే బాగుంటుంది.

నిదానమే_ప్రధానం
ఉకేత్సు గురించి అందరూ ఇలాగే చెబుతున్నారు కానీ నాకు నచ్చలేదు. ఐడియా అదిరింది, ఒప్పుకుంటాను. మనుషులేరీ? ఒకడు అడుగుతాడు, ఇంకొకడు చెబుతాడు. "అంటే ఈ కిటికీ ఇక్కడ ఎందుకుంది?" "అదే కదా విచిత్రం!" పుస్తకమంతా ఇదే. పజిల్ విప్పాక మళ్లీ తెరవాలనిపించలేదు.

దీపం గారూ, మీ అసలు సమస్య ట్విస్టు తెలిసిపోవడం కాదేమో. ట్విస్టు తప్ప ఇంకేమీ లేని పుస్తకాలు చదువుతున్నారు. లిజ్ మూర్ "ద గాడ్ ఆఫ్ ద వుడ్స్" ప్రయత్నించండి, 2024లో వచ్చింది. 1975 ఆగస్టు, అమెరికాలోని అడిరాండాక్ కొండల్లో పిల్లల వేసవి క్యాంపు. ఒక పొద్దున బార్బరా అనే పదమూడేళ్ల అమ్మాయి మంచం మీద ఉండదు. ఆ క్యాంపు ఉన్న భూమి వాళ్ల కుటుంబానిదే. పైగా పద్నాలుగేళ్ల క్రితం వాళ్ల అన్నయ్య కూడా అక్కడే మాయమయ్యాడు. ఆ పిల్లలిద్దరికీ ఏమైందన్న ప్రశ్న చివరిదాకా లాక్కెళుతుంది. కానీ నాకు గుర్తుండిపోయింది ఆ తల్లి. డబ్బున్న ఇంట్లో ఆవిణ్ని ఎలా నోరు మూయించారో చదువుతుంటే కడుపు రగిలిపోయింది. కేసులో ఉన్న కుర్ర ఇన్వెస్టిగేటర్ జూడిటా కూడా బాగుంటుంది. చుట్టూ ఉన్న మగాళ్లు ఆమె మాట వినరు, ఆమె గొడవ పడకుండానే తన పని చేసుకుపోతుంది.

అర్ధరాత్రి_దీపం
@నిదానమే_ప్రధానం నా సమస్య ఏమిటో మీరు చెప్పడం బాగుంది 🙂 గాడ్ ఆఫ్ ద వుడ్స్ రాసుకున్నాను. ఎన్ని పేజీలు?

నిదానమే_ప్రధానం
ఐదొందలకి కొంచెం తక్కువ. కాలం ముందుకీ వెనక్కీ వెళుతుంటుంది, కానీ ప్రతి అధ్యాయం పైనా ఏ సంవత్సరమో వేశారు. తికమక పడరు.

అది నచ్చితే టానా ఫ్రెంచ్ "ద హంటర్" చదవండి, అదీ 2024దే. షికాగోలో పోలీసు ఉద్యోగం చేసి రిటైరై ఐర్లండ్ పల్లెటూళ్లో స్థిరపడ్డ కాల్, అతను చేరదీసిన ట్రే అనే అమ్మాయి. ఎన్నాళ్లో కనపడకుండా పోయిన ఆ పిల్ల తండ్రి ఉన్నట్టుండి ఊడిపడతాడు, ఊళ్లో బంగారం ఉందంటూ. 2020లో వచ్చిన "ద సెర్చర్" ముందు చదవాలి.

పేజీతిప్పు
హంటర్‌లో శవం ఎప్పుడు పడుతుందో కూడా చెప్పండి మాస్టారూ. నేనైతే చాలాదూరం వెళ్లాను, ఇంకా ఊళ్లో వాళ్లు ఎండలెక్కువయ్యాయని మాట్లాడుకుంటూనే ఉన్నారు.

నిదానమే_ప్రధానం
ఆ ఎండల మాటల్లోనే అంతా ఉంది. ఎవరు ఎవర్ని బెదిరిస్తున్నారో ఆ కబుర్లలోనే తెలుస్తుంది.

పేజీతిప్పు
ఉండొచ్చు. నాకు మాత్రం అది థ్రిల్లర్ కాదు, మంచి నవల. రెండూ ఒకటి కాదు. ఇక్కడ ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేనే చెబుతాను: ఫ్రీడా మెక్‌ఫాడెన్. "ద హౌస్‌మెయిడ్" 2022ది, దాన్ని వదిలేద్దాం, సినిమా కూడా వచ్చేసింది. 2025లో "ద టెనెంట్" వచ్చింది. ఉద్యోగం పోయిన ఒకతను ఇంటి వాయిదాలు కట్టలేక ఒక గది అద్దెకిస్తాడు. అక్కణ్నుంచి ఇంట్లో వింత వాసన, వింత శబ్దాలు. అధ్యాయాలు నాలుగైదు పేజీలే. పిల్లలు పడుకున్నాక ఒక గంట దొరుకుతుంది నాకు. ఆ గంటలో ఐర్లండ్ కొండల మీద పొగమంచు వర్ణన చదివే ఓపిక ఉండదు. మెదడు దెబ్బలు తగిలిన రోగుల్ని చూసే డాక్టర్ ఆవిడ. ఆ పని చేస్తూనే ఇన్ని పుస్తకాలు రాసింది. ఆవిణ్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఒక్కటి రాసి చూపించమనండి.

సగం_చదివిన_సత్తిబాబు
నేను సగం చదివి వదిలేయని ఒకే ఒక్క రచయిత్రి మెక్‌ఫాడెన్. పేరుకి విరుద్ధంగా పూర్తి చేశాను.

క్లూ_కుమారి
@పేజీతిప్పు ఆవిడ వేగం గురించి గొడవే లేదు. గొడవ ఎక్కడంటే, ట్విస్టు కోసం పాత్ర తన మనసులో తనకే అబద్ధం చెప్పుకుంటుంది. "నేను" అని చెబుతున్న మనిషి మొదటి సగమంతా మన దగ్గర దాచి, తర్వాత "అసలు సంగతేంటంటే..." అంటే అది మోసం. క్లూ కళ్లముందే ఉండాలి, మనం చూడకుండా దాటిపోవాలి. అప్పుడే చివర్లో చెంపదెబ్బ తిన్నట్టుంటుంది.

ఈ లెక్కన బెంజమిన్ స్టీవెన్సన్ పుస్తకాలు దీపం గారికి సరిగ్గా సరిపోతాయి. మొదటిది "ఎవ్రీవన్ ఇన్ మై ఫ్యామిలీ హాజ్ కిల్డ్ సమ్‌వన్", 2022. కొత్తది కాదు కానీ వరసలో ఇదే ముందు. కథ చెప్పేవాడు ఎర్నెస్ట్ మొదట్లోనే మాటిస్తాడు, నేను మీకు అబద్ధం చెప్పను అని. చావులు ఏ పేజీల్లో ఉన్నాయో కూడా ముందే రాసి ఇచ్చేస్తాడు! అయినా దొరకడు. రోనల్డ్ నాక్స్ అనే ఆయన 1929లో డిటెక్టివ్ కథలకి పది నియమాలు రాశాడు కదా, వాటిని పుస్తకం మొదట్లో పెట్టి మరీ ఆట మొదలుపెడతాడు. తర్వాత రైలు మీద ఒకటి, 2024లో క్రిస్మస్ మీద ఒక చిన్నది వచ్చాయి. రచయిత స్టాండప్ కమెడియన్ కూడా, నవ్వు దానంతటదే వస్తుంది.

రాత్రిబండి
నాక్స్ నియమాల్లో కవలల గురించి కూడా ఉంది. ముందు చెప్పకుండా కవలల్ని దించకూడదని. సత్తిబాబు గారి చెల్లెలు అక్కడే ఔట్.

సగం_చదివిన_సత్తిబాబు
రహస్య గదో దారో ఒకటికి మించి ఉండకూడదని కూడా ఉంది. అలా చూస్తే మీ ఉకేత్సు ఇళ్లు అరెస్టు కావాలి.

మూడో_అల్మరా
😂 ఉకేత్సు ఏ నియమానికీ సంతకం పెట్టలేదు లెండి.

శ్రావణి_పి
పజిల్ కావాలి, మనుషులూ కావాలి అంటే ఆంథొనీ హొరోవిట్జ్. 2025లో "మార్బుల్ హాల్ మర్డర్స్" వచ్చింది. నవల లోపల ఇంకో నవల. సూసన్ అనే ఎడిటర్ దగ్గరికి ఒక కొత్త రచయిత రాతప్రతి వస్తుంది. అది చనిపోయిన వేరే రచయిత సృష్టించిన డిటెక్టివ్‌కి కొనసాగింపు. ఈ కుర్రాడి నాయనమ్మ పిల్లల పుస్తకాలతో పేరు తెచ్చుకున్నావిడ, ఇరవై ఏళ్ల క్రితం పోయింది. ఆవిడ ఎలా పోయిందన్నదాని మీద తనకి తెలిసిందంతా రాతప్రతిలోనే దాచాడేమోనని సూసన్‌కి అనుమానం. లోపలి నవలని మనమూ పూర్తిగా చదువుతాం. అంటే ఒక పుస్తకంలో రెండు హత్య కేసులు. లోపలి కథలో ఎవరి పేరు బయట ఎవరికి సరిపోతుందో కాగితం మీద రాసుకుంటూ చదివాను.

ఇది మూడోది. "మాగ్‌పై మర్డర్స్", "మూన్‌ఫ్లవర్ మర్డర్స్" అయ్యాకే దీనికి రండి. మొదటి పుస్తకం సంగతులు ఇందులో బయటికొచ్చేస్తాయి.

బుక్‌మార్క్_బాబాయ్
మాగ్‌పైలో చివరికి ఆ
[ఈ పోస్టులో కొంత భాగం తొలగించబడింది]

వేదిక_కాపలా
బాబాయ్, ఈ చర్చ మొదట్లోనే స్పాయిలర్ వద్దని రాశారు. ఇంకోసారి అయితే చర్చకి తాళం వేస్తాను.

బుక్‌మార్క్_బాబాయ్
2016 పుస్తకానికి కూడా స్పాయిలరేంటమ్మా!

క్లూ_కుమారి
చదవనివాళ్లకి అది ఈరోజు పుస్తకమే బాబాయ్.

శంకా_సమాధానం
ఎవరూ డాన్ బ్రౌన్ పేరెత్తడం లేదేం? "ద సీక్రెట్ ఆఫ్ సీక్రెట్స్" 2025 సెప్టెంబర్‌లో వచ్చింది. "ఆరిజిన్" 2017లో వచ్చాక ఎనిమిదేళ్లు ఎదురుచూశాం. ఈసారి ప్రాగ్ నగరం. బ్రౌన్ నవలల హీరో లాంగ్డన్‌తో వెళ్లిన కేథరిన్ సాలమన్ మాయమవుతుంది, ఆమె రాసిన పుస్తకం ఎవరికో అడ్డం. చైతన్యం అంటే ఏంటి, అది మెదడులోనే ఉంటుందా బయట కూడా ఉంటుందా అన్నది చర్చ. నాకు బాగా పట్టింది.

పేజీతిప్పు
వేగం ఉంది. కానీ ప్రతి ఛేజ్ మధ్యలో ఆగి గైడులా ఆ కట్టడం ఎప్పుడు కట్టారో చెబుతాడు. వెనకాల తుపాకీ పట్టుకుని తరుముతున్నాడు స్వామీ, కిటికీల అందం తర్వాత చూద్దాం!

శంకా_సమాధానం
@పేజీతిప్పు నేను చదివేదే ఆ కిటికీల కోసం. హత్యలు బోనస్.

నిదానమే_ప్రధానం
ఆరొందల పైచిలుకు పేజీలున్నా దాన్ని ఎవరూ పొడవు అనరు. హంటర్‌ని మాత్రం అంటారు. సరే.

పేజీతిప్పు
పొడవు పేజీల్లో ఉండదండి, ఓపికలో ఉంటుంది. అసలు పొడవు కావాలంటే రాబర్ట్ గాల్‌బ్రెయిత్ ఉన్నారుగా, అంటే హ్యారీ పోటర్ రాసిన రౌలింగే. 2025లో వచ్చిన "ద హాల్‌మార్క్‌డ్ మ్యాన్" దాదాపు తొమ్మిదొందల పేజీలు. వెండి సామాన్ల దుకాణం స్ట్రాంగ్‌రూమ్‌లో ముక్కలు చేసిన శవం, అది ఎవరిదన్నదే కేసు. కానీ చదివేవాళ్లలో సగం మంది డిటెక్టివ్‌లు స్ట్రైక్, రాబిన్ ఒకరికొకరు మనసు విప్పి చెప్పుకుంటారా లేదా అనే చూస్తున్నారు. ఇది ఎనిమిదో పుస్తకం. చెప్పుకుంటారా అని నన్నడగొద్దు.

సగం_చదివిన_సత్తిబాబు
నేను దాని సగం చదివాను. అంటే లెక్క ప్రకారం ఒక నవల పూర్తి చేసినట్టే.

అబద్ధాల_ఆడిటర్
మన దేశం నేపథ్యంలో వచ్చేవి ఎవరూ చెప్పలేదు. అబీర్ ముఖర్జీ "ద బర్నింగ్ గ్రౌండ్స్" 2025 చివర్లో వచ్చింది. 1926 కలకత్తా, శ్మశాన ఘాట్‌లో శవం దొరుకుతుంది, గొంతు కోసి. ఇంగ్లిష్ పోలీసు విండమ్, బెంగాలీ సహచరుడు బెనర్జీ మళ్లీ వచ్చారు. నాలుగేళ్ల ఎడం తర్వాత వచ్చిన పుస్తకం. విండమ్ అతన్ని "సరెండర్‌నాట్" అని పిలుస్తుంటాడు, అసలు పేరు సురేంద్రనాథ్. తెల్లవాళ్లకి నోరు తిరక్క పెట్టిన పేరు. మొదటి పుస్తకం నుంచీ వాళ్ల స్నేహంలో ఆ చిన్న ముల్లు ఉంటూనే ఉంటుంది. హంతకుడెవరు అన్నదానికంటే నేను చదివేది ఆ ముల్లు కోసం.

వసీం ఖాన్‌ది 1950 బొంబాయి సిరీస్ ఒకటుంది, పర్సిస్ వాడియా అనే మహిళా ఇన్‌స్పెక్టర్‌తో. 2024లో "సిటీ ఆఫ్ డిస్ట్రక్షన్" వచ్చింది. ఆయనే 2025లో "క్వాంటమ్ ఆఫ్ మెనేస్" అని సరదాది ఒకటి రాశాడు. జేమ్స్ బాండ్‌కి గాడ్జెట్లు చేసిచ్చే క్యూ ఉన్నాడే, ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేస్తారు. సొంత ఊరికి పోయి చిన్ననాటి స్నేహితుడి చావు వెనక సంగతి తవ్వుతాడు. బాండ్ కోసం చదివితే నిరాశే. రిటైరైన మనిషి కాళ్లు చేతులు ఊరుకోని కథ అనుకుంటే బాగుంటుంది.

శ్రావణి_పి
హరిణి నాగేంద్ర బెంగళూరు డిటెక్టివ్ సిరీస్ కూడా చెప్పండి. 1920లు, కావేరి అనే కొత్తగా పెళ్లైన అమ్మాయి, లెక్కలంటే ప్రాణం. 2025లో "ఇంటు ద లెపర్డ్స్ డెన్", కాఫీ తోటల కూర్గ్‌కి వెళుతుంది. రచయిత్రి పర్యావరణ శాస్త్రవేత్త కాబట్టి చెట్లు, చెరువులు ఊరికే వర్ణన కోసం రావు. రక్తపాతం తక్కువ. అమ్మకి ఇచ్చాను, ఇప్పుడు సిరీస్ అంతా ఆవిడ దగ్గరే ఉండిపోయింది.

అర్ధరాత్రి_దీపం
@అబద్ధాల_ఆడిటర్ ముఖర్జీ మొదటిది ఎప్పుడో చదివి మధ్యలో ఆపేశాను. మధ్యవి వదిలేసి ఇది చదివితే నడుస్తుందా?

అబద్ధాల_ఆడిటర్
కేసు అర్థమవుతుంది. వాళ్లిద్దరూ ఎందుకు అలా ముభావంగా ఉన్నారో అర్థం కాదు. కనీసం దీని ముందుది, 2021లో వచ్చిన "ద షాడోస్ ఆఫ్ మెన్" చదివి రండి.

కొత్తగా_చేరా
తెలుగులో ఎవరూ రాయడం లేదా? అందరూ ఇంగ్లిష్ పుస్తకాలే చెబుతున్నారు. నాకు ఇంగ్లిష్‌లో నవల చదవడం కష్టం.

బుక్‌మార్క్_బాబాయ్
మా రోజుల్లో ఈ ప్రశ్నే లేదు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. తర్వాత మధుబాబు గారి షాడో. అద్దె పుస్తకానికి వంతు వేసుకునేవాళ్లం. చివరి పేజీ ఎవడో చింపేసుకుపోయేవాడు, హంతకుడెవరో ఊళ్లో వాకబు చేయాల్సొచ్చేది. స్పాయిలర్ చెప్పినవాడే అప్పట్లో దేవుడు.

వేదిక_కాపలా
అందుకా మీకు అలవాటైంది 😀

క్లూ_కుమారి
@కొత్తగా_చేరా ఇంగ్లిష్ కష్టమనిపిస్తే స్ట్రేంజ్ పిక్చర్స్‌తోనే మొదలుపెట్టండి. వాక్యాలు చిన్నవి, సగం పని బొమ్మలే చేస్తాయి. మెక్‌ఫాడెన్ కూడా సులువే. గాల్‌బ్రెయిత్ జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు, పాత్రలు యాసలో మాట్లాడుకుంటాయి.

కొత్తగా_చేరా
థాంక్సండి. బొమ్మలదే చూస్తాను.

రాత్రిబండి
చిన్న వాక్యాలంటే జానిస్ హాలెట్ గుర్తొచ్చింది. ఈవిడ నవలల్లో వర్ణన అనేదే ఉండదు. ఈమెయిళ్లు, వాట్సాప్ మెసేజులు, నోటీసులు, అంతే. 2024లో "ది ఎగ్జామినర్" వచ్చింది. ఒక ఆర్ట్ కోర్సులో విద్యార్థుల మెసేజులు, అసైన్‌మెంట్లు అన్నీ బయటి పరీక్షాధికారి ముందు పడతాయి. చదివి, వీళ్లలో ఎవరో చనిపోయారేమోనని ఆయనకి అనుమానం వస్తుంది. 2025లో "ద కిల్లర్ క్వశ్చన్". ఒక పబ్‌లో క్విజ్ పోటీ, అన్నీ కరెక్టుగా చెప్పేసే కొత్త టీం ఒకటి దిగుతుంది.

మెసేజుల్లో మనుషులు ఎంత అబద్ధాలాడతారో చూడాలంటే ఇవే. ఒకామె అందరికీ "డియర్, డియర్" అని రాస్తుంది, వేరేవాళ్లకి అదే ఆమె గురించి ఏం రాస్తుందో చూస్తే... మన ఫ్యామిలీ గ్రూపులు గుర్తొస్తాయి.

శంకా_సమాధానం
హాలెట్‌ని ఆడియోలో మాత్రం వినకండి. ప్రతి మెసేజ్‌కీ ఎవరి నుంచి ఎవరికి, ఏ తేదీ, ఎన్ని గంటలకి అని చదువుతూ పోతారు. నేను రైల్వే అనౌన్స్‌మెంట్ వింటున్నాననుకున్నాను.

మూడో_అల్మరా
జపాన్ వైపు ఇంకో రెండు చెప్పి ఊరుకుంటాను. యుకితో అయత్సుజి "ద లాబిరింత్ హౌస్ మర్డర్స్", ఇంగ్లిష్‌లో 2024. భూమి లోపల చిక్కుదారుల ఇల్లు. పెద్ద రచయిత చనిపోతూ ఒక టేపు వదిలిపోతాడు: నలుగురు క్రైమ్ రచయితలు ఇదే ఇంటిని నేపథ్యంగా పెట్టి కథ రాయాలి, బాగా రాసినవాడికి ఆస్తి. వాళ్లు రాయడం మొదలుపెడతారు. రాసినట్టే జరగడమూ మొదలవుతుంది. 2025లో "ద క్లాక్ హౌస్ మర్డర్స్" కూడా వచ్చింది, కానీ ముందు ఇదే చదవండి, చిన్నది, పదునైనది.

రెండోది కీగో హిగాషినో "ఇన్విజిబుల్ హీలిక్స్", 2024 చివర్లో. గెలీలియో అనిపించుకున్న ప్రొఫెసర్ యుకావా సిరీస్.

క్లూ_కుమారి
అయత్సుజి పుస్తకం జపాన్‌లో 1988ది కదా. దీపం గారు పాతవి వద్దన్నారు.

మూడో_అల్మరా
ఇంగ్లిష్‌లోకి ఇప్పుడే వచ్చింది, కాబట్టి మనకి కొత్తదే. మాగ్‌పై గురించి బాబాయ్‌తో మీరన్న మాటే ఇది!

క్లూ_కుమారి
😶 ఆ మాట వెనక్కి తీసుకోను, మీ వాదనా ఒప్పుకోను.

నిదానమే_ప్రధానం
ఇన్విజిబుల్ హీలిక్స్‌లో యుకావా సొంత కుటుంబం గురించి కొంచెం తెలుస్తుంది, అందుకోసం చదవొచ్చు. కేసు మాత్రం సాదాసీదా. హిగాషినోతో మొదలుపెట్టేవాళ్లు 2005 నాటి "ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్"తోనే మొదలుపెట్టాలి, పాతదైనా సరే. దీపం గారి ప్రశ్నకి అదే అసలైన జవాబు కూడా. ఎవరు చంపారో మొదటి అధ్యాయంలోనే కళ్ల ముందు జరుగుతుంది. దాచిపెట్టిందేమీ లేదు. పోలీసులకి ఎందుకు దొరకడం లేదన్నదే మిగిలిన ప్రశ్న, దానికి చివర్లో వచ్చే సమాధానం నేను ఊహించలేదు. ఊహించిన మనిషి ఇంతవరకూ నాకు తగల్లేదు.

పేజీతిప్పు
ఇక్కడ మాత్రం నిదానం గారితో ఏకీభవిస్తున్నాను. తేదీ రాసిపెట్టుకోండి.

అబద్ధాల_ఆడిటర్
"ఎవరు" అన్నది వదిలేసిన పుస్తకమే కావాలంటే ఎస్. ఎ. కాస్బీ "కింగ్ ఆఫ్ యాషెస్", 2025. వర్జీనియాలో ఒక కుటుంబానికి శవాల్ని దహనం చేసే వ్యాపారం ఉంటుంది. తమ్ముడు ముఠా దగ్గర అప్పు చేసి ఇరుక్కుంటాడు, పెద్ద ఊళ్లో డబ్బు లెక్కలు చూసుకునే అన్న అతన్ని కాపాడ్డానికి ఇంటికొస్తాడు. తెలివైనవాణ్ని, వీళ్లతో బేరమాడగలను అనుకుంటాడు. ఇక ఆ బేరం ఎటు పోతుందో చూడాలి. వాళ్ల చిన్నప్పుడు మాయమైన తల్లి సంగతి ఒకటి పక్కనే నడుస్తుంటుంది. హింస బాగా ఎక్కువ, శ్మశాన పొయ్యి చేతిలో ఉన్నవాడు ఏం చేయగలడో రచయిత దాచకుండా చూపిస్తాడు. పడుకునే ముందు వద్దు.

శ్రావణి_పి
అవార్డుల జాబితాలు చూసి ఎంచుకునేవాళ్లున్నారా ఇక్కడ? అమెరికాలో క్రైమ్ పుస్తకాలకిచ్చే ఎడ్గర్ అవార్డు 2025లో ఉత్తమ నవలగా షార్లెట్ వాసెల్ "ది ఇన్ క్రౌడ్" గెలిచింది. ఇక్కడ ఒక్కరూ ఆ పేరెత్తలేదు.

సగం_చదివిన_సత్తిబాబు
నేను అట్ట మీద మాటలు చూసి కొంటాను. అందుకే అన్నీ సగమే.

క్లూ_కుమారి
అవార్డు కంటే శాంపిల్ నయం. ఈబుక్ దుకాణాల్లో మొదటి అధ్యాయాలు ఉచితంగా ఇస్తారు కదా. నా పద్ధతి: ఆ శాంపిల్‌లో హత్య గురించి కాకుండా ఇంకేదైనా ఒక్క విషయం నాకు ఆసక్తి కలిగించిందా? ఒక మనిషి, ఒక ఉద్యోగం, ఒక ఇల్లు, ఏదైనా. కలిగించకపోతే కొనను. అట్ట వెనక రాసింది అసలు చదవను, అందులోనే సగం కథ చెప్పేస్తున్నారు. "ఎవర్నీ నమ్మకండి" అని రాసి ఉంటే, కథ చెప్పే మనిషినే నమ్మొద్దని చెప్పేసినట్టే కదా.

అర్ధరాత్రి_దీపం
అందరికీ ధన్యవాదాలు. స్టీవెన్సన్ శాంపిల్ ఇప్పుడే చదివాను. చావుల పేజీ నంబర్లు నిజంగానే ఇచ్చాడు! అది కొన్నాను. తర్వాత గాడ్ ఆఫ్ ద వుడ్స్. ఉకేత్సు మీద మీరందరూ కొట్టుకుంటున్నారు కాబట్టి అదీ చదవాల్సిందే. మెక్‌ఫాడెన్ నాకు సరిపడదు, పేజీతిప్పు గారు ఏమీ అనుకోవద్దు.

పేజీతిప్పు
అనుకోవడానికేముంది. జ్వరం వచ్చి మంచాన పడినప్పుడు మీరే వెతుక్కుంటూ వస్తారు.

కొత్తగా_చేరా
ఉకేత్సువి రెండిట్లో ఏది ముందు? వరస ఉందా?

రాత్రిబండి
వరస లేదు, కథలు వేరు. జపాన్‌లో హౌసెస్ ముందొచ్చింది, ఇంగ్లిష్‌లో పిక్చర్స్ ముందొచ్చింది. ఏది దొరికితే అది తీసుకోండి. కాగితం పుస్తకమే తీసుకోండి, మళ్లీ చెబుతున్నాను.